4-2-5, 3-3-5, మల్టిపుల్: కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ హైబ్రిడ్ డిఫెన్స్ ఎవరికి?

మొన్న ఆగస్టులో డాలస్ దగ్గర మా అక్కావాళ్లింటికి వెళ్లాను. రాత్రి భోజనాల దగ్గర మా మేనల్లుడు ఒక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. వాడి హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్ పొజిషన్ల లిస్టు అది. "మావయ్యా, నా పేరు సేఫ్టీల కింద ఉంది, లైన్‌బ్యాకర్ల కింద కూడా ఉంది. ఇంతకీ నేనేంటి?" అన్నాడు. మా అక్క వాడికి ఇంకో గరిటె పప్పు వడ్డిస్తూ, "రెండు చోట్లా రాశారంటే ఎక్కడో ఒకచోట ఆడిస్తార్లేరా, తిను" అంది.

వాడి ప్రశ్న చిన్నదేమీ కాదు. అలా రెండు లిస్టుల్లోనూ పేరున్న ఒక్కడి చుట్టూనే పాతికేళ్లకు పైగా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లు డిఫెన్స్‌లు కట్టుకుంటూ వస్తున్నారు. సగం లైన్‌బ్యాకర్, సగం సేఫ్టీ. ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో పేరు. నోటర్ డేమ్‌లో రోవర్, జార్జియాలో స్టార్, మిషిగన్‌లో ఒకప్పుడు వైపర్, న్యూ మెక్సికోలో లోబో. అతణ్ని ఎక్కడ నిలబెట్టాలి, చుట్టూ ఎవరిని పెట్టాలి అనే దగ్గర దారులు చీలతాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు, అందులో ఒకటి మళ్లీ రెండు పాయలు.

ఇది మూడు రకాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. యూనివర్సిటీలో చేరి శనివారం మ్యాచ్‌లకు అలవాటు పడుతున్నవాళ్లు, వీడియో గేమ్‌లో ఏ ప్లేబుక్ తీసుకోవాలో తేలక తలపట్టుకున్నవాళ్లు, పిల్లల టీమ్‌కు సాయం చేద్దామని గ్రౌండుకు వెళ్లే నాన్నలు, మావయ్యలు. ఆట బొత్తిగా కొత్తయితే ఈ రెండు ముక్కలు చాలు. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు, ఆ ఒక్కో అవకాశాన్ని కూడా 'ఆట' అనే అంటాను. ఆ జట్టులో బంతిని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్, అతను విసిరే పాస్‌లు పట్టేవాళ్లు రిసీవర్లు, ముందు దారి చేసేవాళ్లు బ్లాకర్లు. ఆపే జట్టులో పదకొండు మంది: ముందు వరుసలో లైన్‌మెన్, వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు, ఇంకా వెనక కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు. 4-2-5 అంటే ఆ వరుసలోనే నలుగురు, ఇద్దరు, ఐదుగురు. వెనక ఐదుగురుంటే దాన్ని నికెల్ అంటారు. అమెరికా ఐదు సెంట్ల నాణెం పేరే అది. గజం సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ప్లాట్లు కొని కొని తెలిసిపోయింది.

అసలీ హైబ్రిడ్ ఎందుకు పుట్టింది

ఇది తెలియకుండా ఏ స్కీమ్ మంచిదని అడగడం, ఊరి పేరు చెప్పకుండా బస్సెక్కడం లాంటిది. కాలేజీ ఆటలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు (ప్రొఫెషనల్ లీగ్‌కు) లేని ఇబ్బందులు కొన్ని ఉన్నాయి.

మొదటిది మైదానం. వెడల్పు అన్నిచోట్లా 160 అడుగులే. కానీ ప్రతి ఆటా మొదలయ్యే గీతల (వీటిని హ్యాష్ మార్కులంటారు) మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. లెక్క వేసి చూడండి. కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 20 గజాలు, ఇంకో పక్క 33 గజాల ఖాళీ. హైస్కూల్లో హ్యాష్‌లు ఇంకా దూరం, కాబట్టి తేడా ఇంకా ఎక్కువ. ఆ వెడల్పు పక్క ఒక మనిషి కావాలి. అక్కడ మామూలు లైన్‌బ్యాకర్‌ను పెడితే రిసీవర్ వెనక పరుగెత్తలేడు. మామూలు కార్నర్‌ను పెడితే పరుగు ఆట వచ్చినప్పుడు 300 పౌండ్ల బ్లాకర్ కింద నలిగిపోతాడు.

రెండోది మనుషుల్ని మార్చే నియమం. బంతి ఉన్న జట్టు ఆటగాళ్లను మారిస్తే, డిఫెన్స్‌కూ మార్చుకునే టైమ్ రిఫరీలు ఇవ్వాలి. ఆ జట్టు మార్చకుండా గబగబా తర్వాతి ఆట మొదలుపెట్టేస్తే డిఫెన్స్ ఉన్నవాళ్లతోనే సరిపెట్టుకోవాలి. ఒకే టైట్ ఎండ్ ఒక ఆటలో లైన్ పక్కన నిలబడి బ్లాక్ చేస్తాడు, తర్వాతి ఆటలో రిసీవర్‌లా బయటికి జరుగుతాడు. జట్టు మారలేదు, ఆట మారిపోయింది. అప్పుడు డిఫెన్స్‌లోనూ అలా మారగలిగేవాడు ఒకడుండాలి.

మూడోది ఆర్‌పీవో, అంటే పరుగో పాసో క్వార్టర్‌బ్యాక్ అక్కడికక్కడ తేల్చుకునే ఆట. కాలేజీలో పాస్ వేసినా బ్లాకర్లు మూడు గజాల దాకా ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. కాబట్టి బ్లాకర్లు నిజంగానే పరుగు ఆటలా దూసుకొస్తారు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం డిఫెన్స్‌లో ఒకే ఒక్కణ్ని చూస్తుంటాడు. అతను పరుగును ఆపడానికి ముందుకొస్తే బంతి అతని వెనక్కి పోతుంది. ఆగిపోతే పరుగు సాగుతుంది. ఆ ఒక్కడు ఎవరనుకుంటున్నారు? చాలాసార్లు మన హైబ్రిడ్డే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేనైతే ఐదు ప్రశ్నలు వేసుకుంటాను. లోపలి పరుగును తక్కువ మందితో ఆపగలదా? వెడల్పు పక్కను కాచుకునేది ఎవరు? ఆట మొదలవకముందు క్వార్టర్‌బ్యాక్‌కు ఎంత కనబడుతుంది? నేర్పడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఒక్కడు తప్పు చేస్తే ఎన్ని గజాలు పోతాయి?

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. కాలేజీ ఆటగాళ్లకు సీజన్లో వారానికి 20 గంటలకు మించి ఆట పని చెప్పకూడదని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీడబుల్‌ఏ నియమం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది ఉద్యోగం, రోజంతా అదే పని. అక్కడి పుస్తకం తెచ్చి ఇక్కడ ఉన్నదున్నట్టు చదివిస్తానంటే కుదరదు.

మొదటి దారి: 4-2-5

దీని పేరెత్తగానే గుర్తొచ్చేది గ్యారీ ప్యాటర్సన్, ఫోర్ట్ వర్త్‌లోని టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ). 2000 డిసెంబరు నుంచి 2021 దాకా అక్కడ హెడ్ కోచ్. నలుగురు లైన్‌మెన్, ఇద్దరు లైన్‌బ్యాకర్లు, ఇద్దరు కార్నర్లు, ముగ్గురు సేఫ్టీలు. ఆ మూడో సేఫ్టీ మన మనిషి.

ప్యాటర్సన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, ముందువాళ్లకు ఒక పిలుపు, వెనకవాళ్లకు వేరే పిలుపు పెట్టాడు. వెనకవాళ్లకు కూడా మైదానాన్ని నిలువుగా రెండు ముక్కలు చేసి కుడి సగానికి ఒక కవరేజ్ (రిసీవర్లను ఎవరు ఎలా కాయాలనే ఏర్పాటు), ఎడమ సగానికి ఇంకొకటి. ఎదుటి జట్టు ముగ్గురు రిసీవర్లను ఒకే పక్కకు పంపినా రెండో సగంలో ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, వాళ్ల పని వాళ్లది. పిల్లలకు నేర్పేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ప్రతివాడూ మైదానం మొత్తం గుర్తుపెట్టుకోనక్కర్లేదు, తన సగం చాలు.

మనుషుల్ని తెచ్చుకోవడంలో కూడా ఆయన లెక్క వేరు. వేగంగా పరుగెత్తేవాణ్ని తీసుకొచ్చి ఒక మెట్టు ముందుకు జరుపుతాడు. సేఫ్టీ లైన్‌బ్యాకర్ అవుతాడు, లైన్‌బ్యాకర్ డిఫెన్సివ్ ఎండ్ (ముందు వరుస చివర నిలబడేవాడు) అవుతాడు. హ్యూస్టన్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన షుగర్ ల్యాండ్‌లో హైస్కూల్ రన్నింగ్ బ్యాక్‌గా ఆడిన జెర్రీ హ్యూస్ అనే కుర్రాడు టీసీయూకు వచ్చి డిఫెన్సివ్ ఎండ్ అయ్యాడు. 2009లో టెడ్ హెండ్రిక్స్ అవార్డు తీసుకున్నాడు, తర్వాతి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో వెళ్లాడు.

2011 జనవరి 1న రోజ్ బౌల్, అంటే సీజన్ చివర్లో ఆడే పెద్ద మ్యాచ్‌ల్లో ఒకటి. టీసీయూ 21, విస్కాన్సిన్ 19, చివర్లో రెండు నిమిషాలు మిగిలాయి. విస్కాన్సిన్ అంటే కొండల్లాంటి లైన్‌మెన్‌తో లోపలి నుంచి తొక్కుకుంటూ వెళ్లే జట్టు. వాళ్లు అప్పుడే గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశారు, ఇక స్కోరు సమం చేయడానికి రెండు పాయింట్ల ప్రయత్నం. అందరూ పరుగే అనుకుంటుంటే క్వార్టర్‌బ్యాక్ వెనక్కి తగ్గి పాస్ వేశాడు. టీసీయూ లైన్‌బ్యాకర్ ట్యాంక్ కార్డర్ ముందుకు రాబోయి ఆగి, ఎగిరి చేత్తో కొట్టి బంతిని కింద పడేశాడు. టీసీయూ ఆ సీజన్ 13-0తో ముగించింది. చిన్న శరీరాలతో పెద్ద శరీరాల్ని ఆపలేరనే వాదన వచ్చినప్పుడల్లా నేను ఈ ఆట చూపిస్తాను.

అయినా లోపాలు లేవని కాదు. నలుగురు లైన్‌మెన్ ఎప్పుడూ అక్కడే ఉంటారు కాబట్టి ఎవరు దూసుకొస్తారో క్వార్టర్‌బ్యాక్‌కు చాలావరకు తెలిసిపోతుంది. ఆ నలుగురిలో ఇద్దరు ఎండ్‌లు సొంతంగా ఒత్తిడి తేలేకపోతే వెనకవాళ్లు ఎంత మంచివాళ్లయినా లాభం లేదు. ఎదుటి జట్టు ఇద్దరు టైట్ ఎండ్‌లను దించితే హైబ్రిడ్ ఒక్కసారిగా లైన్‌బ్యాకర్ పని చేయాల్సి వస్తుంది. నోటర్ డేమ్ రోవర్ జెరెమయా ఒవూసు-కొరమోవా లాంటివాడు ఉంటే ఆ పని చేసిపెడతాడు. 2020లో దేశంలో ఉత్తమ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్కస్ అవార్డు అతనికే వచ్చింది. అలాంటివాడు లేకపోతే మాత్రం రిసీవర్‌నూ పట్టుకోలేక, బ్లాకర్‌నూ తట్టుకోలేక రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు.

రెండో దారి: 3-3-5, అందులో రెండు పాయలు

ఒకటి పాత స్టాక్. ముగ్గురు లైన్‌మెన్, ఒక్కొక్కరి వెనక సరిగ్గా ఒక్కో లైన్‌బ్యాకర్, పేర్చిపెట్టినట్టు. ముందు నుంచి చూసే బ్లాకర్‌కు వెనకవాడు ఏ పక్క నుంచి వస్తాడో తెలియదు. జో లీ డన్ దీన్ని మిసిసిపీ ప్రాంతంలో పేరుకు తెచ్చాడు, జెఫ్ క్యాస్టీల్ వెస్ట్ వర్జీనియాలో ఆడించాడు, రాకీ లాంగ్ న్యూ మెక్సికోలో, తర్వాత శాన్ డియాగో స్టేట్‌లో ఏళ్ల తరబడి నడిపాడు. న్యూ మెక్సికోలో లాంగ్ చేతికి బ్రయన్ అర్లాకర్ దొరికాడు. లోబో అనే పొజిషన్లో అతణ్ని అటూ ఇటూ తిప్పి ఆడించాడు. 2000లో షికాగో బేర్స్ అతణ్ని తొమ్మిదో పిక్‌గా తీసుకుంది, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు.

దీన్ని ఎక్కువగా చిన్న యూనివర్సిటీలే ఎందుకు పట్టుకున్నాయి? దొరికే సరుకును బట్టి. 300 పౌండ్లుండి కదలగలిగే కుర్రాళ్లు చాలా అరుదు, ఉన్నవాళ్లను పెద్ద యూనివర్సిటీలు ఎగరేసుకుపోతాయి. 200 పౌండ్లుండి పరుగెత్తగలిగేవాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ముందు ముగ్గురితో సరిపెట్టుకుంటే కావలసిన పెద్దవాళ్లలో ఒకడు తగ్గినట్టే.

రెండో పాయ అయోవా స్టేట్‌ది. 2017లో కోఆర్డినేటర్ (డిఫెన్స్ చూసుకునే కోచ్) జాన్ హీకాక్ ముగ్గురు సేఫ్టీలనూ వెనకే నిలబెట్టడం మొదలుపెట్టాడు. మధ్య సేఫ్టీ బంతికి పది పన్నెండు గజాల దూరంలో ఉంటాడు. ఆట మొదలయ్యేదాకా అతను చేసేదేమిటో ఎవరికీ తెలియదు. పరుగైతే లైన్‌బ్యాకర్‌లా ముందుకు ఉరుకుతాడు. పాసైతే మధ్యలో ఆగి క్వార్టర్‌బ్యాక్ చూపును చదువుతాడు. ముగ్గురే దూసుకెళ్లి ఎనిమిది మంది వెనక కాపు కాయడం ఇందులో మామూలు. రిసీవర్లను నలుమూలలా పరిచి విసిరే బిగ్ 12 (అయోవా స్టేట్ ఆడే లీగ్) జట్లకు ఇది విరుగుడు.

2017 అక్టోబరు 7న నార్మన్‌లో ఓక్లహోమా మీద దీన్ని పరీక్షించారు. ఓక్లహోమా అప్పుడు దేశంలో మూడో ర్యాంకు, క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, ఆ ఏడాది దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. అయోవా స్టేట్ చిత్తుగా ఓడుతుందని అందరి అంచనా. గెలిచింది అయోవా స్టేట్, 38-31. ఆ రోజు లైన్‌బ్యాకర్‌గా ఆడిన జోయల్ లానింగ్ ముందు సీజన్లో అదే జట్టుకు క్వార్టర్‌బ్యాక్. ఆ మ్యాచ్‌లో అవసరమైనప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా కూడా వచ్చాడు. హైబ్రిడ్ అనే మాటకు అంతకంటే అర్థం ఏం చెప్పగలం!

ఇక 3-3-5 ఖరీదు ఎంతో తెలుసుకోవాలంటే మళ్లీ టీసీయూకే రావాలి. ప్యాటర్సన్ వెళ్లాక 2022లో జో గిలెస్పీ వచ్చి 3-3-5 పెట్టాడు. 2022 డిసెంబరు 31న ఫియెస్టా బౌల్‌లో మిషిగన్ మీద 51-45తో గెలిచారు. మిషిగన్ చాలానే పాయింట్లు కొట్టింది, కానీ టీసీయూ డిఫెన్స్ రెండు పాస్‌లను పట్టేసి నేరుగా టచ్‌డౌన్లు చేసింది. తొమ్మిది రోజుల తర్వాత జార్జియాతో ఫైనల్. 65-7. అదే స్కీమ్, అదే మనుషులు. ఓటమి మొత్తాన్ని 3-3-5 నెత్తిన వేయడం అన్యాయమే, ఆ జార్జియా ముందు ఎవరు నిలబడినా కష్టమే. కానీ ముందు ముగ్గురు తేలిపోతే వెనక ఎనిమిది మంది ఎలా చెల్లాచెదురవుతారో ఆ రాత్రి కళ్లకు కట్టింది. 3-3-5 తీసుకునేవాళ్లు ఈ రెండు మ్యాచ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఎదుటివాడి తప్పు మీద బతికే డిఫెన్స్ ఇది. తప్పు చేయనివాడు ఎదురైతే చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

మూడో దారి: మల్టిపుల్

జార్జియా, మిషిగన్ లాంటివాళ్లది ఈ దారి. కాగితం మీద 3-4 అని రాసి ఉంటుంది, మైదానంలో చూస్తే ఎక్కువసేపు ఐదుగురు వెనకే ఉంటారు. ముందు నలుగురున్నారా ముగ్గురున్నారా అనేది ఆట ఆటకూ మారుతుంది. జార్జియాలో జాక్ అనే చివరి మనిషి ఒకసారి చెయ్యి నేల మీద ఆనించి లైన్‌మన్‌లా నిలబడతాడు, ఇంకోసారి నిలుచునే ఉండి వెనక్కి తగ్గుతాడు. అతనొక హైబ్రిడ్. స్లాట్ (లోపలి వైపు నిలబడే) రిసీవర్ ఎదురుగా ఉండే స్టార్ ఇంకో హైబ్రిడ్.

2021 జార్జియా డిఫెన్స్ సగటున మ్యాచ్‌కు 10.2 పాయింట్లే ఇచ్చింది. ఆ డిఫెన్స్ నుంచి ఐదుగురు మరుసటి ఏడాది డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. మధ్యలో నిలబడ్డ జోర్డన్ డేవిస్ బరువు 341 పౌండ్లు, అంటే 155 కిలోల దాకా. అంత శరీరంతో 40 గజాలు 4.78 సెకన్లలో పరుగెత్తాడు. అతను ఇద్దరు బ్లాకర్లను తన దగ్గరే కట్టిపడేస్తే వెనకున్న హైబ్రిడ్‌కు అడ్డొచ్చేవాడు ఉండడు. బయటినుంచి చూసి జార్జియా స్టార్ పొజిషన్‌ను కాపీ కొట్టేవాళ్లు మర్చిపోయేది ఈ 155 కిలోల్నే.

మిషిగన్‌ది ఇంకాస్త కళ. 2021లో మైక్ మెక్‌డొనాల్డ్ బాల్టిమోర్ రేవెన్స్ నుంచి తెచ్చిన పద్ధతిని 2022లో జెస్సీ మింటర్ అందుకున్నాడు. ఆరుగురు లైన్ దగ్గరికి వచ్చి బెదిరిస్తారు. ఆట మొదలవగానే ఇద్దరు ముగ్గురు వెనక్కి జారుకుంటారు, ఊహించనివాడు ఎవడో దూసుకొస్తాడు. లెక్కకు దూసుకొచ్చింది నలుగురే, కానీ ఏ నలుగురో బ్లాకర్లకు తెలియదు. కబడ్డీలో రైడర్ కళ్లు కార్నర్ మీద ఉన్నప్పుడు కవర్ నుంచి వచ్చి తగిలే డాష్ చూశారా, అలాంటిది. ఆ జట్టు నికెల్ ఆటగాడు మైక్ సైన్రిస్టిల్ 2021 దాకా రిసీవర్. 2022లో డిఫెన్స్‌కు మారాడు, 2023లో ఆరు పాస్‌లు పట్టేశాడు. వాషింగ్టన్‌తో ఫైనల్లో చివర్లో పట్టిన పాస్‌తో 81 గజాలు పరుగెత్తాడు. మిషిగన్ 34-13తో గెలిచి సీజన్ 15-0తో ముగించింది.

చదివితే ఇదే తీసుకోవాలనిపిస్తుంది. ఆగండి. అదే మింటర్ 2021లో వాండర్‌బిల్ట్‌లో డిఫెన్స్ కోఆర్డినేటర్. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ రెండు గెలిచి పది ఓడింది. తల అదే, చేతులు వేరు. మల్టిపుల్ స్కీమ్‌లో ఒకడు పిలుపు తప్పుగా వింటే మధ్యలో ఎవరూ లేని దారి తెరుచుకుంటుంది, ఆ ఒక్క తప్పుకు 60 గజాలు పోతాయి. మొదటి ఏడాది ఇలాంటివి చూసి ఓర్చుకునే ఓపిక ఉండాలి.

హైబ్రిడ్‌కు తప్పు పని అప్పగిస్తే ఏమవుతుందో కూడా మిషిగన్‌లోనే చూశాం. డాన్ బ్రౌన్ కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు వైపర్ ఉండేవాడు. 2016లో ఆ పొజిషన్లో జబ్రిల్ పెపర్స్ హైస్‌మన్ ఫైనలిస్ట్ దాకా వెళ్లాడు. బ్రౌన్‌కు మ్యాన్ కవరేజ్ అంటే ప్రాణం, ఎవడి రిసీవర్‌ను వాడు వెంటాడాలి. 2018 నవంబరులో ఒహాయో స్టేట్ రిసీవర్లను ఒకరికొకరు అడ్డంగా దాటించి పరుగెత్తించింది. వెంటాడేవాళ్లు ఒకరినొకరు గుద్దుకునే పరిస్థితి. స్కోరు 62-39.

పక్కపక్కన పెట్టి చూస్తే

| ఏం చూడాలి | 4-2-5 | 3-3-5 స్టాక్ | మూడు సేఫ్టీల 3-3-5 | మల్టిపుల్ |
|---|---|---|---|---|
| లోపలి పరుగు | బాగానే ఆపుతుంది | పెద్ద లైన్ వస్తే కష్టం | నెమ్మదిగా గజాలు ఇస్తుంది | మధ్యలో పెద్దవాడుంటే గోడే |
| వెడల్పు పక్క | మూడో సేఫ్టీ చూసుకుంటాడు | బయటి హైబ్రిడ్‌లిద్దరు | చాలా బలం | స్టార్ మీద భారం |
| దాపరికం | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ |
| నేర్పే టైమ్ | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | చాలా |
| దొరకని సరుకు | మంచి ఎండ్‌లు ఇద్దరు | గట్టి నోస్ టాకిల్ (నడిమి లైన్‌మన్) | తప్పకుండా పడగొట్టే మధ్య సేఫ్టీ | అన్నీ |
| ఒక్క తప్పు ఖరీదు | ఓ మోస్తరు | ఎక్కువ | తక్కువ, కానీ అదే పనిగా కారుతుంది | చాలా ఎక్కువ |

చివరి వరుసలో "కారుతుంది" అన్నది ఎందుకంటే, ముగ్గురే దూసుకెళ్తే క్వార్టర్‌బ్యాక్‌కు బోలెడు టైమ్ దొరుకుతుంది. ఆరు గజాలు, ఐదు గజాలు, ఏడు గజాలు... ఒక్క పెద్ద దెబ్బా ఉండదు, కానీ పది నిమిషాల తర్వాత చూస్తే వాళ్లు మన గోల్ దగ్గరుంటారు. చూసేవాళ్లకు టెన్షన్, స్టాండ్స్‌లో తిట్లు.

మీరు ఎవరు?

*స్టేడియానికి వెళ్లే స్టూడెంట్ అయితే:* మీ యూనివర్సిటీ ఆడించేదే చూడాలి కాబట్టి ఎంపిక చేయాల్సింది స్కీమ్‌ను కాదు, సీటును. టీవీలో కెమెరా ఎక్కువగా లైన్ దగ్గరే ఉంటుంది, వెనక సేఫ్టీలు ఫ్రేమ్‌లో కనబడరు. మూడు సేఫ్టీల డిఫెన్స్‌ను టీవీలో చూస్తే అసలు కథ బయటే ఉండిపోతుంది. పై వరుసల్లో, గోల్ వెనక మూలన దొరికే చవక టికెట్ అందుకు బ్రహ్మాండం. బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు. బంతి ఏ హ్యాష్ మీద ఉందో చూడండి, వెడల్పు పక్కకు తిరగండి, లోపలి రిసీవర్‌కు ఎదురుగా ఐదారు గజాల్లో నిలబడ్డవాణ్ని పట్టుకోండి. రెండు ఆటలు బంతిని మర్చిపోయి అతణ్నే చూడండి. మొదటి అడుగు ముందుకు వేశాడా, వెనక్కి వేశాడా అన్నదాంట్లోనే ఆ ఆట సగం తేలిపోతుంది. టీవీ మాత్రమే ఉంటే 4-2-5 లేదా మల్టిపుల్ ఆడే జట్టును ఎంచుకోండి, లైన్ దగ్గర జరిగే మోసమైనా కనబడుతుంది.

*వీడియో గేమ్ ఆడేవాళ్లయితే:* 2024 జూలైలో ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25 వచ్చాక ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పదకొండేళ్ల తర్వాత వచ్చిన ఆట కదా, అందరూ ఒకేసారి పడ్డారు. కొత్తవాళ్లు 4-2-5తో మొదలుపెట్టండి. నలుగురు ముందు ఉంటారు కాబట్టి పరుగు గురించి ప్రతిసారీ బెంగ అక్కర్లేదు, మీ చేతిలో మూడో సేఫ్టీని పెట్టుకుని అతనొక్కణ్నే నడపడం నేర్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఎదుటివాడు ప్రతి డౌన్‌కూ లోతుగా పాస్‌లు విసిరే రకమైతే 3-3-5కు మారండి. వాడు అది గమనించి లోపలి పరుగు మొదలుపెట్టగానే తిరిగొచ్చేయండి. మొండికేసి అక్కడే ఉండిపోవడమే చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను, ఒకే రాత్రి వరసగా నాలుగు ఓడాను.

*పిల్లల టీమ్‌కు సాయం చేసేవాళ్లయితే:* మొదటి రోజు బోర్డు మీద గీతలు గీయకండి. పిల్లల్ని లెక్కపెట్టండి. నిజంగా లైన్‌లో నిలబడగలిగేవాళ్లు ఎంతమంది? ఆరుగురుంటే (నలుగురు ఆడేవాళ్లు, ఇద్దరు అలసినప్పుడు వచ్చేవాళ్లు) 4-2-5. నలుగురే ఉంటే 3-3-5 స్టాక్. హైస్కూల్లో ఇంకా పరుగునే నమ్ముకున్న జట్లు చాలా ఉంటాయి కాబట్టి మూడు సేఫ్టీల పాయను నేను సలహా ఇవ్వను. మల్టిపుల్ జోలికి అసలు పోవద్దు. టీవీలో మిషిగన్‌ను చూసి వచ్చి పదిహేనేళ్ల పిల్లలకు ఆరు రకాల మారువేషాలు నేర్పబోయిన ఒక నాన్నను చూశాను. మూడో మ్యాచ్‌కు పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు, ఆయన గీసిన బొమ్మలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి.

హైబ్రిడ్‌గా ఎవరిని పెట్టాలన్నది వేగాన్ని బట్టి తేలుస్తారు సాధారణంగా. నేనైతే ఒక చిన్న పరీక్ష పెడతాను. తనకంటే 40 పౌండ్లు ఎక్కువున్నవాడు ఎదురొస్తుంటే పక్కకు తప్పుకోకుండా, అలాగని గుడ్డిగా ఢీకొట్టకుండా, చేతులతో తోసి బంతి వైపు వెళ్లేవాడు ఎవడో చూడండి. ఆ పనికి భయం లేకపోవడం కంటే ఓపిక ఎక్కువ కావాలి.

మా మేనల్లుడి సంగతి చెప్పి ఆపుతాను. వాళ్లది 4-2-5, వీడిది మూడో సేఫ్టీ. అక్టోబరులో ఒక శుక్రవారం రాత్రి వెళ్లి చూశాను. మొదటి క్వార్టర్లో ఆర్‌పీవోకు రెండుసార్లు మోసపోయాడు, రెండుసార్లూ ముందుకే ఉరికాడు, బంతి వాడి నెత్తి మీంచి పోయింది. మూడోసారి ఉరకలేదు, ఒక్క క్షణం ఆగాడు. క్వార్టర్‌బ్యాక్ కూడా ఆగాడు. ఈలోగా లైన్ వాళ్లు వెళ్లి పడగొట్టేశారు. వాడి పేరు మైకులో రాలేదు. ఇంటికి వెళ్తూ కారులో, "మావయ్యా, అది చూశావా?" అన్నాడు. చూశానన్నాను. ముందు సీట్లోంచి మా అక్క, "ఏది? నువ్వు కదల్లేదు కదరా అప్పుడు?" అంది.